రాత్రి షిఫ్టు వాళ్ళ పొద్దటి ఆట

మానుకోటలో మా కూతురింటికి వచ్చి వారం దాటింది. మోకాళ్ళకు సూది వేయిస్తానని తీసుకొచ్చింది. సూది వేశారు కానీ నొప్పి ఎక్కడికీ పోలేదు. అల్లుడు గూడ్సు బండ్ల మీద పనిచేస్తాడు. వారంలో సగం రోజులు రాత్రంతా పని, పగలంతా నిద్ర. ఆయన గది తలుపు మూసి ఉన్నంతసేపు ఇంట్లో మేమంతా మునికాళ్ళ మీద తిరుగుతాం. కుక్కరు కూస్తుందని మా కూతురు ఆ రోజుల్లో అన్నం గిన్నెలోనే వండుతుంది.

నిన్న మధ్యాహ్నం మనవరాలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో ఏదో పాత నలుపు తెలుపు సినిమా ముక్క చూస్తూ ఒక్కసారిగా పకపకా నవ్వింది. చెవులు మూసుకున్న వాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. మా కూతురు వంటింట్లోంచి గబగబా వచ్చి పిల్ల నోటి మీద చెయ్యి పెట్టి, "నాయిన పండుకున్నడు బిడ్డా, నవ్వకు" అన్నది. కసరలేదు. అలసిపోయి అన్నది, అంతే.

నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో వినపడిన మాట అదే. ఆ తర్వాత నడుం వాల్చాను గానీ కన్ను మూతపడలేదు.

మాది నర్మెట్ట పక్క ఊరు. వరసగా రెండేళ్ళు వానలు లేక ఉన్న కాస్త చెలక బీడు పడితే, నాకు పదకొండేళ్ళప్పుడు మా బాపు మమ్మల్ని భూపాలపల్లి తీసుకుపోయాడు. అక్కడ అప్పుడప్పుడే బొగ్గు గనులు తెరుస్తున్నారు. గనిని అక్కడ గని అనరు, బాయి అంటారు. నీళ్ళ బాయి ఎండిపోయి వచ్చిన మనుషులు బొగ్గు బాయిలో దిగేవారు. బాపుకు దొరికింది బదిలీ పని. అంటే, ఖాయమైన కార్మికుడు ఎవరైనా ఆ పూట రాకపోతే ఆ జాగాలో దిగాలి. ఏడాదిలో చెప్పినన్ని హాజర్లు నిండితే నౌకరీ ఖాయమవుతుంది. నిండకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. హాజరును అక్కడ మస్టరు అనేవారు. మా ఇంట్లో ఆ ఏడాది దేవుడి పేరు కంటే ఆ మాటే ఎక్కువసార్లు వినపడింది.

రాత్రి షిఫ్టుకు ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువ కాబట్టి బదిలీ వాళ్ళకు ఆ షిఫ్టులోనే పని దొరికేది. బాపు తెల్లవారి ఇంటికి వచ్చేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టే ఉండేది. అవ్వ జొన్న గట్కలో చల్ల పోసి, ఉల్లిగడ్డ చితక్కొట్టి పెట్టేది. మా అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. తినేసి బాపు పడుకునేవాడు. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

మాకు ఉన్నది ఒక్కటే గది, దానిమీద రేకులు. తొమ్మిది దాటితే ఆ రేకుల కింద రొట్టె కాల్చుకోవచ్చు. కిటికీకి గోనెపట్టా కట్టినా దాని కంతల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బాపు మొహం మీద పడేది. అవ్వ గాజులు చప్పుడు కాకుండా మోచేతిదాకా పైకి తోసుకుని పని చేసేది. బిందె కింద గుడ్డ పరిచేది. పక్కింటి కోళ్ళను అదిలించేది. ఆమె ఆపలేకపోయింది ఒక్క నన్నే. నేను నోరు మూసుకుని ఉండలేని పిల్లను. మాట్లాడేవాళ్ళు లేకపోతే పొయ్యితో మాట్లాడేదాన్ని. బడికి ఎండాకాలం సెలవులు. ఇల్లు దాటి ఆడుకుందామంటే బయట నిప్పులు చెరిగే ఎండ. పది నిమిషాలకోసారి అవ్వ నోటి మీద వేలు పెట్టి, "బాపు పండుకున్నడు" అనేది. బాపు కళ్ళు మూసుకునే, "పండుకోలేదు, పోరిని ఏమనకు" అనేవాడు.

ఇట్లా కొన్నాళ్ళు చూసి అవ్వ ఒక ఉపాయం పన్నింది. మేముండే వాడకు కాస్త దూరంలో బస్టాండు దారిలో ఒక సినిమా హాలు ఉండేది. అందులో పొద్దటి ఆటకు రోజూ పాత సినిమాలు వేసేవారు. రీళ్ళు అరిగిపోయిన సినిమాలు, కాబట్టి నేల టికెట్టు సోడా ధరకే వచ్చేది. అవ్వ నా జడ బిగించి వేసి, చేతిలో డబ్బులు పెట్టి, గేటు దాకా వచ్చి నన్ను వదిలి, సినిమా అయిపోయాక నేరుగా ఇంటికి రావాలని మూడుసార్లు చెప్పించుకుని వెళ్ళిపోయింది. నాకు తోడుగా కూర్చుంటే ఇంట్లో కోళ్ళను ఎవరు తోలుతారు?

అంతవరకు నేను సినిమా హాల్లోకి ఒంటరిగా అడుగుపెట్టలేదు. గేటు దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. మెడలో ఎర్ర తువ్వాల, చేతిలో పొడుగు కర్ర. నా వెనుక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరని తెలిసి టికెట్టు చింపి, లోపలికి తీసుకుపోయి ఆడవాళ్ళ బెంచీ చూపించాడు. ఆ వైపు నేను తప్ప ఒక్క ఆడమనిషి లేదు. భయంతో బెంచీ అంచుకు కూర్చున్నాను. బీడీ పొగ, తడి గోనె, కొబ్బరి నూనె, చెమట, అన్నిటికీ అడుగున ఒక పరిచయమైన వాసన. కాసేపటికి గుర్తుపట్టాను. అది మా బాపు అంగీ వాసన. బొగ్గు వాసన.

దీపాలు ఆరిపోయి బొమ్మ మొదలైంది. నా కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక మగవాళ్ళ వైపు చూసి బిత్తరపోయాను. అటు వైపు నలభై యాభై మంది ఉంటారు. ఒక్కడూ తెర వైపు చూడడం లేదు. కొందరు బెంచీల మీద వెల్లకిలా, కొందరు నేల మీద తువ్వాల పరిచి, కొందరు గోడకు తల ఆనించి, అందరూ నిద్రపోతున్నారు. తెర మీద రాజుగారు సభ తీర్చి ఉన్నారు. కింద గురకలు. ఆ హాల్లో సినిమా చూస్తున్నది నేనొక్కదాన్నే.

ఇంటర్వెల్లో భయపడుతూనే ముసలాయన్ను అడిగాను. వాళ్ళకు ఏమైంది తాతా అని. ఆయన నా పక్కన గట్టు మీద కూర్చుని చెప్పాడు. వీళ్ళంతా రాత్రి షిఫ్టు వాళ్ళు. ఇళ్ళల్లో రేకుల వేడి, పిల్లల లొల్లి. ఇక్కడైతే చీకటి ఉంటది, ఫ్యాను ఉంటది, లేపేవాళ్ళు ఉండరు. పాత సినిమా అయితే ఈలలు కొట్టే పోరగాళ్ళు కూడా రారు. అందుకే ముతక సినిమాలే వెయ్యమని వీళ్ళే అడుగుతారట.

"నీకు నవ్వొస్తే లంగ అంచు నోట్లె పెట్టుకొని నవ్వు బిడ్డా" అన్నాడు. "గీళ్ళు సినిమాకు రాలే. నిద్రకు వచ్చిండ్రు."

ఇంట్లో చప్పుడు చేస్తున్నానని పంపిస్తే, ఇక్కడ కూడా చప్పుడు చేయకూడదన్నమాట. నాకు ఏడుపొచ్చింది. కానీ బొమ్మ మళ్ళీ మొదలవగానే ఏడుపు మరిచిపోయాను.

ఆ తర్వాత రోజూ పోయాను. చూసిన సినిమానే మళ్ళీ చూశాను, చూడనిది కలలా చూశాను. కత్తి యుద్ధాలు, మాయల గుర్రాలు, ఇల్లు పంచుకుని నడుమ గోడ కట్టుకున్న అన్నదమ్ములు, పాట పాడుతూ దండెం మీద చీర ఆరేసే వదినలు. అంత పెద్ద తెర, అంత పెద్ద మొహాలు, అంతా నా ఒక్కదాని కోసమే ఆడుతున్నట్టు ఉండేది. చప్పుడు కాకుండా నవ్వడం నేర్చుకున్నాను. నవ్వు లోపల తిరిగి తిరిగి కడుపునొప్పి వచ్చేది. ఏడ్వడం మాత్రం సులువు. దానికి ముందు నుంచీ చప్పుడు ఉండదు.

ఒక వింత చెప్పాలి. వేరే ఊళ్ళలో రీలు తెగితే జనం ఈలలు వేసి కేకలు పెడతారు. ఇక్కడ రీలు తెగితే హాలు మొత్తం ఉలిక్కిపడి లేచేది. ఉన్నట్టుండి చప్పుడు ఆగడమే వాళ్ళకు మెలకువ. ఇంటర్వెల్లో, ఆట చివర పాటల రికార్డు మోగేది కాబట్టి కదిలేవారు కాదు. కళ్ళు నులుముకుంటూ, ఎక్కడున్నామో తెలియక, కొందరు తలమీద దీపం కోసం తడుముకునేవారు. బాయిలో టోపీకి పెట్టుకునే దీపం. మళ్ళీ బొమ్మ మాట్లాడగానే ఒక్కొక్కరే ఒరిగిపోయేవారు.

ఒకరోజు నాకు కొంటె బుద్ధి పుట్టింది. ఇంటర్వెల్లో మగవాళ్ళ వైపు దాటి, బెంచీల కింద విడిచిన చెప్పులన్నీ తారుమారు చేశాను. ఒకరి కుడికాలిది ఇంకొకరి ఎడమకాలి పక్కన పెట్టాను. ఆట అయిపోయాక ముసలాయన అలవాటు ప్రకారం కర్రను బెంచీల వెంట టకటకా లాగుతూ అందరినీ లేపాడు. ఇక చూడాలి. నిద్రమత్తులో నలభై మంది ఒకరి కాళ్ళ దిక్కు ఒకరు చూసుకుంటూ, ఒంటికాలి మీద ఎగురుతూ. నేను తలుపు చాటున లంగా అంచు నోట్లో కుక్కుకున్నాను. ముసలాయన వచ్చి నా చెవి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు. వాళ్ళందరి ముందు నాతోనే జోడు జోడుగా సర్దించాడు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేని మనుషులు. ఒకాయన చెప్పు తొడుక్కుంటూ ఎవరి బిడ్డవని అడిగితే బాపు పేరు చెప్పాను. ఆయన తల ఊపి, మీ బాపు మా పక్క జాగాలోనే పని చేస్తడు, ఆయనకు ఒక్క క్షణం కన్ను మూత పడదటగా పాపం అన్నాడు.

ఆ మాట నాకు మనసులో పడింది. ఇంటికి పోయి అన్నం తింటూ చెప్పేశాను. సినిమా హాల్లో చల్లగా ఉంటది, చీకటిగా ఉంటది, బాపు లాంటోళ్ళంతా అక్కడే నిద్రపోతున్నరు అని. గొప్ప సంగతి కనిపెట్టి తెచ్చినట్టు చెప్పాను. బాపు నవ్వాడు. పైసలిచ్చి పండుకునుడు ఎక్కడన్న ఉన్నదా అన్నాడు. అవ్వ నవ్వలేదు. ఆమె చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున నేను జడ వేయించుకోవడానికి కూర్చుంటే అవ్వ దువ్వెన తీయలేదు. నాకిచ్చే డబ్బులు బాపు చేతిలో పెట్టింది. ఇద్దరికీ టికెట్టు కొనే స్తోమత మాకు లేదు. బాపు వద్దన్నాడు. పోరి మనసు నొచ్చుకుంటది అన్నాడు. అవ్వ ఆయన ముందు నిలబడి, మెల్లగా, ఒక్కొక్క మాట పలుకుతూ చెప్పింది.

"నెల రోజులసంది నీకు నిద్ర లేదు. బాయిల తూలి పడితే మా గతేంది? దాని సినిమాలు యాడికి పోవు. నువ్వు పోయి పండుకో."

బాపు నా దిక్కు చూడకుండా అంగీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. ఆ రోజంతా నేను ఎంత చప్పుడు కావాలంటే అంత చేసుకోవచ్చు, ఇంట్లో పడుకున్నవాళ్ళు లేరు. కానీ ఒక్క మాట మాట్లాడలేదు.

మధ్యాహ్నం బాపు వచ్చాడు. మొహం కడిగినట్టు తేటగా ఉంది. అన్ని రోజుల్లో ఆయన మొహం అట్లా చూడడం అదే మొదలు. అవ్వ ఆ మొహాన్నే చూస్తూ అన్నం పెట్టింది. నేను మూలకు తిరిగి కూర్చున్నాను. బాపు సగం తిని, చెయ్యి ఆరబెట్టుకుంటూ, ఇవాళ్టి సినిమా కథ చెప్తా రమ్మన్నాడు. కోపం ఉన్నా చెవులు అటే పోయాయి. ఒక రాజు ఉన్నాడట. ఆ రాజుకు నిద్ర పట్టదట. మంత్రిని పిలిచి, "ఏందిరా మంత్రీ, ఏమన్న మందు చూడరాదు, సచ్చిపోయేటట్టున్న" అన్నాడట. సినిమాల్లో రాజులు 'మహామంత్రీ' అని పుస్తకంలో మాట్లాడినట్టు మాట్లాడతారు. మా భాష మాట్లాడే మనిషి తెర మీద కనపడ్డాడంటే వాడు కావలివాడో తాగుబోతో అయి ఉంటాడు, హాలు నవ్వడానికే ఉంటాడు. మా బాపు కథలో మాత్రం రాజులు, రాణులు, దేవేంద్రుడు కూడా నర్మెట్ట మాటే మాట్లాడారు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత మా రేకుల కింద ముగ్గురం గట్టిగా నవ్వాం.

నాలుగైదు రోజులు అట్లా నడిచింది. కానీ నేను సినిమాలు తిన్న పిల్లను. బాపు కథల్లో రాజు గుహలోకి దిగితే అది బొగ్గు బాయి లాగే ఉండేది. రాక్షసుడు టబ్బు, అంటే పట్టాల మీద నడిచే బొగ్గు తొట్టి, తోసుకుంటూ వచ్చేవాడు. ఒకనాడు నీళ్ళు తెచ్చుకుంటూ గోడమీద ఆ వారం బొమ్మ కాగితం చూశాను. అందులో రాజూ లేడు, రాక్షసుడూ లేడు. ఎడ్లబండి, ఒక ముసలమ్మ, ఇద్దరు కొడుకులు. ఇంటికి వచ్చి బాపును నిలదీశాను. ఆ మాటలు ఇప్పటికీ నా నాలుక మీద చేదుగా ఉంటాయి.

"నువ్వు పండుకున్నవు. నాకు అబద్ధాల కథలు చెప్పకు. నా సినిమా నువ్వు గుంజుకున్నవు."

అవ్వ నన్ను కొట్టబోయింది. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. అట్లాగే కూర్చుని కాలి గోటిలో ఇరుక్కున్న బొగ్గు పొడిని పుల్లతో తీసుకున్నాడు.

తెల్లారి నుంచి కథలు మారిపోయాయి. ఆ ముసలమ్మ సినిమా బాపు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. చిన్నకొడుకు భార్య ఏ పాట పాడింది, పెద్దకొడుకు ఎడ్లను ఎవరికి అమ్మాడు, పంచాయితీలో ఎవరు ముందు లేచి నిలబడ్డారు, అన్నీ. నేను పోయి గోడ మీది బొమ్మతో సరిచూసుకున్నాను. అందులో కనపడినంత మేరకు అన్నీ నిజమే. ఆ తర్వాత వచ్చిన సినిమాలు కూడా అంతే. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి వినేదాన్ని. వింటూ వింటూ ఇంకా, ఇంకా అని అడిగేదాన్ని. చివరగా చెప్పింది ఒక గుడ్డి రాణి కథ. ఆమెకు కళ్ళుగా ఉండి రాజ్యాన్ని చూపించే చెల్లెలు ఒకతె. రాణి చీర అంచు మీద హంసలున్నాయని, చెల్లెలి చీరకు అంచే లేదని కూడా బాపు చెప్పాడు. నిద్రపోయిన మనిషికి చీర అంచు ఎట్లా కనపడుతుందని నేను ఆలోచించలేదు. పదకొండేళ్ళ దాన్ని. నాకు కథ కావాలి.

బాపు మొహంలో తేట పోయింది. కళ్ళు మళ్ళీ చింతనిప్పుల్లా ఉండేవి. అవ్వ అడిగితే, మంచిగ పండుకున్న, వేడి చేసింది అంతే అనేవాడు. అవ్వ సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది.

అది జరిగిన పొద్దున నేను పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. బాపు వచ్చే వేళ దాటిపోయింది. ఆయనతో పనిచేసే ఇద్దరు మనుషులు ముంగిట్లో నిలబడ్డారు. ఒళ్ళు కడుక్కోకుండానే వచ్చారు. నల్లటి మొహాల్లో కళ్ళు తెల్లగా. అవ్వ చేతిలో గట్క గిన్నె ఉంది. వాళ్ళు ముందే చెప్పారు, ప్రాణానికి ఏం లేదని. టబ్బు వస్తుంటే బాపు పట్టాల పక్కన నిలబడి ఉన్నాడట. అందరూ పక్కకు జరగమని అరిచారు. ఆయన జరగలేదు. నిలబడే ఉన్నాడు గానీ కళ్ళు మూతపడి ఉన్నాయి. చక్రం పాదం మీద నుంచి పోయింది.

దవాఖానలో బాపు కాలికి ఇంత లావు కట్టు ఉంది. నన్ను చూసి నవ్వబోయి పళ్ళు బిగించాడు. మూడు రోజులు మేము ఆ వరండాలోనే ఉన్నాం. సినిమా హాల్లో నిద్రపోయేవాళ్ళు ఇద్దరిద్దరుగా షిఫ్టు దిగి వచ్చేవారు. అరటిపండ్లు పెట్టి, కాసేపు గోడకు ఆనుకుని, అక్కడ కూడా కునికిపాట్లు పడి వెళ్ళిపోయేవారు. రెండో రోజు గేటు తాత వచ్చాడు. బాపు మందుల మత్తులో ఉన్నాడు. తాత వరండాలో అవ్వ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను స్తంభం వెనుక ఉన్నానని చూసుకోలేదు.

"హాలు మొత్తంల నిద్రపోనోడు నీ పెనిమిటి ఒక్కడే బిడ్డా" అన్నాడు. "నేను దినాం చెప్పిన, జర కన్ను మూసుకోవయ్యా అని. ఇంట్ల బిడ్డకు కథ చెప్పాలె తాతా, దాని సినిమా నేను గుంజుకున్న అనేటోడు. నిద్ర ముంచుకొస్తే లేచి నిలబడి చూసేటోడు."

తాత వెళ్ళిపోయాక అవ్వ తల తిప్పి స్తంభం దిక్కు చూసింది. నేను అక్కడ ఉన్నానని ఆమెకు ముందే తెలుసు. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. దగ్గరికి పిలిచి, చెదిరిన నా జడ విప్పి, దువ్వెన లేక వేళ్ళతోనే చిక్కు తీస్తూ చెప్పింది.

"నువ్వు విన్నట్టు మీ బాపుకు ఎన్నడు తెల్వనియ్యకు. నీకు తెలిసిందని తెలిస్తే, ఆయనకు కాలు పోయిన దానికంటే ఎక్కువ బాధైతది."

నేను తల ఊపాను. ఆ వయసులో అంత బరువైన మాట మోయగలనా లేదా అని ఆమె అడగలేదు. ఆమెకు మాత్రం ఎవరున్నారు పంచుకోవడానికి?

బాపు పాదం అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఆ ఏడు మస్టర్లు నిండలేదు. ఆ మరుసటి ఏడు నిండాయి. నౌకరీ ఖాయమయ్యాక, కాలు చూసి లోపలి పని వద్దని పైన దీపాల గదిలో వేశారు. దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకునే పని. పగటి పని. రాత్రి ఇంట్లో పడుకునేవాడు. మాకు సిమెంటు కప్పు ఉన్న క్వార్టరు వచ్చింది. చల్లగా ఉండేది. ఇక నన్ను బయటికి పంపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. సినిమాకు డబ్బులిస్తానని బాపు అడిగినప్పుడల్లా నాకు పని ఉందనేదాన్ని. పెద్దయ్యాక అందరితో కలిసి ఎన్నో సినిమాలకు పోయాను. ఒంటరిగా మాత్రం పోలేదు. ఆ హాలు కొన్నేళ్ళకు మూతపడి సిమెంటు బస్తాల గోదాము అయింది. గేటు తాత ఎప్పుడు పోయాడో కూడా మాకు తెలియలేదు.

బాపు నౌకరీ దిగిపోయాక జనగామలో మా ఇంటి పక్కనే ఒక చిన్న ఇల్లు తీసుకున్నారు. అవ్వ ముందు పోయింది. ఆమె ఉన్నంతకాలం నేను ఇచ్చిన మాట తప్పలేదు. ఆమె పోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం బాపుకు అన్నం పెట్టి, ఆయన మంచం మీద ఒరిగి ఉంటే ఆ వంకర పాదానికి నూనె రాస్తున్నాను. ఎముక ముడి నా అరచేతికి తగిలింది. ఇక మోయలేకపోయాను. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారే చెప్పేశాను. గేటు తాత వచ్చింది, స్తంభం వెనుక నేను విన్నది, అవ్వ ఆనపెట్టింది. నా వల్లనే నీ కాలు పోయిందని చెప్పాను. చెప్తుంటే ఏడుపు రాలేదు. నిలబడి నిలబడి అలసిపోయి కూర్చున్నట్టు అనిపించింది.

బాపు కోపపడలేదు, ఆశ్చర్యపోలేదు. గోడ మీది అవ్వ ఫోటోను ఒకసారి చూశాడు.

"నీ కోసమని ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు. "పుట్టిన కాడికెల్లి పనే. కూసొని ఒక సినిమా నిండ చూసుడు నాకు గదే మొదలు బిడ్డా. గంత మంచిగుండె. నిద్రెట్ల వస్తది?"

నిజమేనా బాపూ అని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆయన ఏం చెప్తాడో నాకు తెలుసు. అది నిజమైతే ఇన్నేళ్ళు నేను ఊరికే బాధపడ్డాను. నాకోసం అల్లి చెప్పిన మాటైతే, దాన్ని విప్పి చూసే హక్కు నాకు లేదు. ఇవాళ్టికీ నాకు ఏదీ తేలలేదు. తేల్చుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

ఆ మాట చెప్పి బాపు గోడ వైపు తిరిగాడు. రెండు నిమిషాల్లో ఊపిరి బరువెక్కింది. పట్టపగలు, ఎండ కిటికీలోంచి నేరుగా మొహం మీద పడుతున్నా, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. నేను నూనె చేతులతోనే మెల్లగా లేచి, తలుపు దగ్గరికి వేసి, ఆయన లేచేదాకా బయట గడప మీద కూర్చున్నాను.